వేళ్లకు వేపాకు పసరు

నా బిడ్డ మూడు నెలలకే చనిపోయిన ఏడాది నేను బోధన్‌లో పుట్టింట్లోనే ఉన్నాను. చెరుకు నరుకుతుంటే తోటలో దొరికిందని మా అన్న ఒక ముంగిస పిల్లను తువ్వాలలో చుట్టి తెచ్చాడు. దాన్ని సాకితే నాకు ధ్యాస మళ్లుతుందట. వద్దనే ఓపిక కూడా లేక తీసుకున్నాను.

పాలు తాగించబోతే వేలు కరిచేది. నొప్పి తెలిసేది కాదు. బీడీలు చుడుతుంటే తునికాకు మీద నెత్తురు చుక్కలు పడేవి. ఆ ఆకు పక్కన పడేసి ఇంకోటి అందుకునేదాన్ని. ఒకరోజు మా అవ్వ చూసింది.

“నెత్తురు కారుతున్నా సూస్తలేవా బిడ్డా? వేపాకు నూరి వేళ్లకు రాసుకో. పిల్లలకు పాలు మాన్పియ్యనీకి రొమ్ముకు రాస్తం సూడు, గట్లనే. చేదు తగిలితే కరుసుడు బందైతది.”

ఆ మాట అనేసి నా ఒళ్లోని బీడీల చేటను తన ముందుకు లాక్కుంది. నేను లేచి వేపాకు నూరుకున్నాను. నా బిడ్డకు పాలు మాన్పించే వయసు రాలేదు.

నాలుగు రోజుల్లో ముంగిస కరవడం మానేసింది. అన్న చేతిలో తినేది, అవ్వ ఒళ్లో పడుకునేది.

“మంచిగ నేర్పినవ్ చెల్లే” అన్నాడు అన్న.

నన్ను చూస్తే మాత్రం మంచం కిందికి దూరేది. ఒక మధ్యాహ్నం కుంకుడుకాయ రసంతో రెండుసార్లు చెయ్యి కడుక్కుని, మంచం కిందికి వేలు చాపాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ కరుస్తుందేమోనన్న ఆశతో వేలు అక్కడే పెట్టి చాలాసేపు కూర్చున్నాను.