కాక తట్టకుండా గీసిన సుద్ద గుర్తు

ఆ ఉదయం అన్ని ఉదయాల్లాంటిదే. తెలంగాణ వస్తదా రాదా అని వీధి వీధినా మాట్లాడుకుంటున్న చలికాలం. క్రిస్మస్‌కు ఇంకా నాలుగు రోజులున్నాయి. మొదటి షిఫ్టు సైరన్ మోగాక గర్జెలకు, అవే కజ్జికాయలకు, పిండి తడిపి మూత పెట్టాను. తమ్ముడు దవాఖానలో ఉన్న కాకను చూసి, అటునుంచే డ్యూటీకి పోతానని వెళ్లాడు. వాడు బాయిలో సర్దారు. బాయి అంటే మాకు బొగ్గుగని. పనివాళ్లకంటే ముందు పైకప్పు చూసి రావలసినవాడు సర్దారు. వాడు దిగే వేళకు నేను మోకరిస్తాను. అట్లా మోకాళ్ల మీద ఉండగానే ఫోను మోగింది. తెలియని నంబరు.

ఎత్తాలంటే భయమేసింది. షిఫ్టు వేళ తెలియని నంబరు మోగితే గోదావరిఖనిలో ఏ ఇంటి ఆడమనిషికైనా ఒకటే తోస్తుంది.

“అక్కా, నేనే. సిస్టర్ ఫోన్ల నుంచి చేస్తున్న.”

“దేవునికి స్తోత్రం” అన్నాను.

“కాక పోయిండక్కా.”

ఆ స్తోత్రం ఇంకా నా నోట్లోనే ఉంది.

మా బాపు తొందరగా పోతే మమ్మల్ని పెంచింది ఆయన తమ్ముడు, ఈ కాకే. ఇంటికి పెద్దదాన్ని నేను. కాక కూడా సర్దారే. పొడుగాటి కర్రతో గని పైకప్పును తట్టి వినేవాడు. గట్టి రాయి గణగణమంటుంది, వదులైన రాయి బోలుగా పలుకుతుంది. బాగుంటే అక్కడ సుద్దతో తేదీ వేసి, పొడి సంతకం పెట్టేవాడు. ఆ గుర్తును నమ్మే మనుషులు దాని కిందికి వెళతారు. అంగడిలో కర్బూజను కూడా తట్టి చెవి పెట్టేవాడు. “ఏంది సర్దారూ, దీని కింద ఎవలన్న పంజేస్తున్నరా?” అని అమ్మేవాడు నవ్వేవాడు.

“భయం లేదన్నోన్ని బాయిల దింపద్దు బిడ్డా. నాకైతే రోజూ భయమే” అనేవాడు కాక.

పదేళ్ల కిందట, ఇలాంటి డిసెంబరులోనే, ఇంటి మీద నక్షత్రం కట్టాలని నేను తొందరపెట్టాను. “కాకా, ఇయ్యాల జర జల్ది రా” అని పొద్దున ఒకసారి, గడప దాటుతుంటే మరోసారి చెప్పాను. షిఫ్టు చివర సర్దారు మరో చుట్టు తట్టి రావాలి. ఆఖరి చోట, పొద్దున బాగానే పలికింది కదా అని, తట్టకుండానే సుద్ద గీసి పైకొచ్చాడు. సాయంత్రం నిచ్చెన మీద నిలబడి నక్షత్రం కడుతుంటే వీధిలో జనం ఉరికారు. ఆ చోటనే రాయి పడింది. మా వెనుక వరుస క్వార్టర్లో ఉండే మనిషి కాలు నుజ్జయింది.

కాక దిగివచ్చి మెట్టు మీద కూర్చుని సంగతి చెప్పాడు. నాకు చలిలో చెమట పట్టింది.

“ఎవలు చూసిన్రు కాకా? బాయిల రాయి ఎప్పుడన్న పడతది. ఊకో.”

“నేను చూసిన గద బిడ్డా.”

ప్రార్థన చేసుకునే నోటితోనే నేను ఆ మాట అన్నాను.

మరునాడే ఆఫీసులో రాసిచ్చాడు. సర్దారు పని పోయింది. రిటైరయ్యేదాకా మామూలు పనివాడిగానే దిగాడు. నా తొందర గురించి ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు నుంచి నేరుగా ఆ ఇంటికి వెళ్లాడు, వెంట నేను. ఆ మనిషి భార్య చీపురుతోనే వాకిట్లోకి వచ్చింది.

“పండుగ ముంగట కడుక్కునేతందుకు వచ్చినవా? మీ దేవుడు మాఫ్ జేస్తడేమో. నేను జెయ్య.”

“మాఫీకి రాలే చెల్లె. నిజం నా నోటితోనే నువ్వు వినాలె, గంతే.”

అప్పటినుంచి ప్రతి క్రిస్మస్ పొద్దున, చర్చికి పోకముందే, గర్జెల గిన్నె ఆ గడప ముందు పెట్టి పిలిచేవాడు. తలుపు తెరుచుకునేది కాదు. “భయమైతుంది కాకా, ఈ ఏడు వద్దు” అన్నానొకసారి. “నాకూ కాళ్లు వణుకుతున్నయి. వణుక్కుంటనే పోదాం, నడువు” అన్నాడు. దూత గొర్రెల కాపరులను భయపడవద్దన్న సంగతి చర్చిలో చదివినప్పుడల్లా, “భయం లేనోళ్లకు ఆ మాట చెప్పుడెందుకు?” అని నా చెవిలో అనేవాడు.

మూడేళ్లు గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. నాలుగో ఏడు కడిగి వచ్చింది, లోపల నాలుగు జామకాయలు. కాక ఒక కాయను అలవాటుగా వేలితో తట్టి, విని, కొరికాడు.

సమాధి దగ్గరకు ఆ మనిషి చంకకర్రతో వచ్చాడు. ఆమె కూడా వచ్చి, మట్టి వేసి నా చేయి పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ నాకు మళ్లీ ఆనాటి చెమటే. కాకను తొందరపెట్టింది ఎవరో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఇంట్లో కూర్చున్నాం. నక్షత్రం కట్టాలా వద్దా, ఆ ఇంటికి ఎవరు పోవాలి అన్న మాట వచ్చింది. తమ్ముడు తాను పోతానన్నాడు. అప్పుడు నేను పదేళ్ల కిందట ఆ పొద్దున అన్న మాటా, ఆ సాయంత్రం అన్న మాటా వాళ్లకు చెప్పాను.

మరదలు నా వైపు తిరిగింది. “ఇప్పుడెందుకు వదినె? కాకనే పాయె. ఆమె మళ్ల తలుపేసుకుంటే?”

తమ్ముడు నా ముఖం చూశాడు. “భయమైతలేదా అక్కా?”

“అయితంది.”

నక్షత్రం కట్టాలనీ, గిన్నె నేనే తీసుకుపోయి ఆమెకు అంతా చెప్పాలనీ నిర్ణయించుకున్నాం. ఇకనుంచి బాయిలోకి కాక కర్రనే తీసుకుపోతానన్నాడు తమ్ముడు. పదేళ్లుగా మూలన ఉన్న ఆ కర్రను తీసి, దుమ్ము తుడిచి, మా ఇంటి కప్పును ఒకసారి తట్టాడు. పిల్లలతో సహా అందరం ఊపిరి బిగబట్టి విన్నాం.