బిషప్పు మేత

తోమాసా వరండాలో ఒక జింకు తొట్టి ఉండేది. అందులో జానెడు ఇసుక, ఒక బల్లపరుపు రాయి, రాయి మీద కొమ్ముల తొండ. తల చుట్టూ కొమ్ములు కిరీటంలా ఉన్నాయని ఆమె భర్త క్రెసెన్సియో దానికి బిషప్పు అని పేరు పెట్టాడు. సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి కనుక ఆ పేరు వినగానే శిలువ గుర్తు వేసుకునేవాణ్ణి, నవ్వు ఆపుకోవడానికి.

మా ఊరు ఓహో సెకోలో ఆ తొండల్ని పట్టనివాడు లేడు, బతికించినవాడూ లేడు. రొట్టెముక్కలు, ఉడికిన చిక్కుళ్లు పెట్టి నెలలో చంపేసేవాళ్లం. గింజలు మోసే ఎర్రచీమలు తప్ప అది వేరే ఏదీ తిని బతకదు. రోజుకు ఎనభై కావాలి. క్రెసెన్సియో మూడేళ్లపాటు ఎడమచేత్తో ఒక్కొక్క చీమనే రాయి మీద వదిలి మేపాడు. భార్యను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"నీ చేతి తిండి తిని నేనెలా అయ్యానో చూడు. దాన్నన్నా వదిలెయ్యవే" అనేవాడు.

జూలైలో అతను పోయాడు. చివరి మాట "బిషప్పుని చంపకు" అని.

ఆగస్టులో ఊరంతా పెరళ్లలో చీమల మందు చల్లుకుంది. మిగిలింది ఒక్కటే పుట్ట, శ్మశానంలో, సరిగ్గా క్రెసెన్సియో సమాధి మీద. తోమాసా రోజూ పొద్దున్నే గాజుసీసా, గడ్డిపుల్ల పట్టుకుని చీమల కోసం అక్కడికి వెళ్లేది. ఎంత పెట్టినా బిషప్పు చిక్కిపోతూనే ఉంది. తోక మొదట్లో ఎముక తేలింది.

అక్టోబరులో ఒకనాడు సీసాలో చీమల మధ్య తెల్లటి గుండీ కనబడింది. చీమలు లోపలి నుంచి గులకరాళ్లు మోసుకొస్తాయని అందరికీ తెలుసు. కానీ ఆ గుండీకి నీలం దారం ఉంది. భర్తను పెట్టెలో పడుకోబెట్టే ముందు తెల్లదారం దొరక్క చొక్కాకు ఆమె వేసిన కుట్టు అది.

నాకు చూపించి, "ఊడిపోయిందిట. కుట్టమని పంపాడు" అంది. నేను నవ్వలేదు. ఆమే నవ్వింది.

చనిపోయినవాళ్ల పండగ దగ్గరపడింది. ఆ రోజుకి ప్రతి సమాధినీ గడ్డి పీకి, ఊడ్చి, సున్నం కొట్టాలి. శ్మశానం చూసుకునే ఎలీహియో వచ్చాడు.

"అక్కా, శనివారం పుట్టలో మందు పోస్తాను. జనాన్ని చీమలు కుడితే నన్ను తిడతారు."

"తొండ చలికాలం నిద్రకి మట్టిలోకి దిగేదాకా ఆగరా. ఇలా ఎండిపోయి పడుకుంటే మార్చికి లేవదు."

"తొండ కోసం మీ ఆయన్ని చీమలకి వదిలేస్తావా?"

"ఆయనకి లేని దురద నీకెందుకురా?"

శనివారం ఆమె బిషప్పును ఏప్రాన్‌లో చుట్టుకొచ్చింది. దగ్గరుండి కడుపునిండా తినిపించాలని. సమాధి మీద వదిలింది. అది ఒక్క చీమనూ తినలేదు. ఎడమవైపుకు నడిచి, ఒళ్లు అటూ ఇటూ ఊపి, మట్టిలోకి దిగిపోయింది.

"అయ్యో, పస్తు పడుకుందిరా!" అంటూ తోమాసా పుట్ట పక్కన కూలబడింది. ఎలీహియో మందు డబ్బా ఎత్తాడు. "పొయ్యి. ముందు నా మీద పొయ్యి" అంది. అతను మూత బిగించి వెళ్లిపోయాడు.

ఆ పండగకు ఊడ్వని సమాధి అదొక్కటే. పుట్ట చుట్టూ బంతిపూలు పెట్టాం.

మార్చిలో మూడు రోజులు కాపు కాశాం. నాలుగో పొద్దున ఎడమవైపు మట్టి కదిలింది. ముందు కొమ్ములు, తర్వాత తల. తోమాసా అరచేతిలోకి తీసుకుంటే బరువుకి చెయ్యి కిందికి వాలింది. చలికాలం పడుకున్న తొండ చిక్కి లేస్తుంది. ఇది రొట్టెలా వెడల్పై, తోక బలిసి లేచింది.

"లోపల చీమల్ని తినుంటుంది" అన్నాడు ఎలీహియో.

"చలికి చీమలే కదలవు కదరా."

ఆమె బిషప్పును మట్టి మీద దించింది. అది మళ్లీ ఎడమవైపుకే తిరిగి, ఎవరో చెయ్యి చాపినట్టు నోరు తెరిచి ఆగింది.

"మూడు నెలలు నేను పెడితే ఎముకలు తేలాయి. నీ చెయ్యే గొప్ప, ఒప్పుకున్నా. నువ్వే పెట్టుకో" అంది మట్టితో. తర్వాత జేబులోంచి నీలం దారం గుండీ తీసి పుట్ట నోట్లో వేసింది.

"ఈసారి చొక్కా కూడా పంపు. ఉత్త గుండీ పంపితే దేనికి కుట్టను?"

ఎలీహియో అప్పటికే గేటు దాటేశాడు.