నెక్కొండ టీకొట్టులో హాలీవుడ్ నటి

డెబ్బైల్లో ఒకసారి రైలు కోసం నెక్కొండ స్టేషన్ పక్క టీకొట్టులో కూర్చున్నాను. గోడమీద మేరీమాత పక్కనే మఠకన్య దుస్తుల్లో ఒకామె పటం, దాని ముందు కొవ్వొత్తి. పాత హాలీవుడ్ నటి, ఏదో సినిమాలో వేసిన వేషం! ఆమె జీవితచరిత్రను గ్రంథాలయంలో రెండుసార్లు చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

“అమ్మా, ఈమె పునీతురాలు కాదు, సినిమా యాక్టరు. ముగ్గురు మొగుళ్ళను వదిలేసింది.”

కొట్టు నడిపే మరియమ్మ టీ వడకట్టడం ఆపింది. “ముగ్గురినా? పరువు పోలేదా?”

“లేదు. చివరిదాకా గొప్ప నటిగానే వెలిగింది.”

మరియమ్మ లోపలికి కేకేసింది. “బిడ్డా, ఇటు రా! తాగుబోతోన్ని ఇడిసిపెడ్తే పరువు పోతదని ఏడుస్తానవ్ గదా, జర ఈ సారు చెప్పేది ఇను!”

కూతురు వచ్చి, విని, పటాన్ని చాలాసేపు చూసింది. “నిజమేనా అమ్మా?”

“మరి! ఇన్నేండ్లు ఊకెనే మొక్కిన్నా?”

పటం దింపుతారనుకున్నాను. నా చదువు పుణ్యమా అని దాని ముందు రెండో కొవ్వొత్తి వెలిగింది.