పుట్టకముందే కోసిన బొంత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అత్త కృష్ణమ్మ బతికుంటే ఈ మాట నాకంటే ముందు ఆమే చెప్పేది. శాలిబండలో ఆమెను బొంతల కృష్ణమ్మ అనేవాళ్ళు. పాత చీరలు, ధోవతులు తెచ్చిస్తే చదరం ముక్కలుగా కోసి, అతికి, పసిపిల్లలకు బొంతలు కుట్టేది. బార్కస్ నుంచి కూడా వచ్చి కుట్టించుకుని పోయేవాళ్ళు. నాలుగు ముక్కలు కలిసే చోట వేలితో తడిమినా ఎత్తుపల్లం తెలిసేది కాదు.

కత్తెరను ఆమె నమ్మేది కాదు. బట్టను నాలుగు మడతలు వేసి, చెక్కపలక మీద పరిచి, స్కేలు ఆనించి, చెప్పులు కుట్టే కైలాసం సానపట్టి ఇచ్చిన సన్నకత్తితో కోసేది. పనితనమంతా ఎడమ చేతిదే అనేది. మూడు వేళ్ళు స్కేలు మీద పెట్టాలి, చిటికెన వేలు మాత్రం స్కేలు దాటి బట్ట మీద గట్టిగా ఆనాలి. సగం దాకా కోసి, కత్తి ఎత్తకుండా ఆపి, ఎడమ చేతిని ముందుకు జరుపుకుని మళ్ళీ కోయాలి.

"స్కేలు జరిగిందంటే చీర పాయె. పోయిన చీరను మళ్ళ నేస్తరా ఎవరన్న?" అనేది.

అంతటి మనిషి చేతిలో స్కేలు డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో జారడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులయ్యాయి, ఇద్దరూ దక్కలేదు. ఒకరు పురిట్లోనే పోయారు, ఒకరు పదకొండో రోజున. ఈసారి ఏమవుతుందోనని కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. కడుపులో బిడ్డ కాసేపు కదలకపోతే కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. అదే సమయానికి అత్త ఒక ముక్క పాడుచేసి స్కేలును తిట్టుకుంటుంటే నా గాబరా అంతా కోపమయ్యేది.

నా మొగుడు అంజన్న బస్సు డిపోలో మెకానిక్కు. పాత ట్యూబు ముక్కలు తెచ్చి స్కేలు అడుగున అంటించాడు. "ఇగ జారదు అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాడు తల్లితో. జారలేదు కానీ ఎవరిదో తెల్ల ధోవతి నిండా నల్ల మరకలు చేసింది. వాటిని పీకేసి అఫ్జల్‌గంజ్ నుంచి కొత్త చెక్కస్కేలు తెచ్చాడు. అదీ జారింది. అత్త బట్ట కింద తడిగుడ్డ వేసి చూసింది. స్కేలు మీద పొత్రం పెట్టి చూసింది, అది దొర్లి నా కాలి వేళ్ళ మీదికొచ్చింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అత్తా నీ కత!" అని అరిచాను.

ఇంకోనాడైతే నా ఒక మాటకు పది మాటలు తగిలించేది. ఆ రోజు పొత్రం తీసి పక్కన పెట్టి మళ్ళీ స్కేలు అందుకుంది. ఆమె ఊరుకోవడం నాకు నచ్చలేదు.

మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. కడుపుతో ఉండగా బిడ్డ పేరు మీద నూలుపోగు కూడా కోయకూడదు. బిడ్డ ఏడుపు విన్నాకే కత్తి పట్టాలి. నా మొదటి కాన్పప్పుడు ముచ్చటపడి నేనొక పాత చీర తీస్తే అత్త చేతిలోంచి లాక్కుని పెట్టెలో పడేసింది.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టక లేచి చూస్తే అత్త నల్లా దగ్గర ఏదో ఉతుకుతోంది. నన్ను చూసి కొంగు చాటున దాచింది. లాగి చూశాను. ఆమె పసుపు నేతచీర, అరచేతి వెడల్పు ముక్కలు. ఒకదాని మీద నెత్తురు.

"ఎవరింటికిది?" అన్నాను. అత్త నల్లా కట్టేసింది. ఇంట్లోకి వెళ్ళి ఆమె చాప ఎత్తితే అలాంటి ముక్కలే ఇంకో ఇరవై ఉన్నాయి. సొంత చీర కోసి కుట్టడానికి ఆమెకు ఇంకెవరున్నారు?

"నా బిడ్డకేనా? పుట్టకముందే కోసినవా? దాని మీద నెత్తురు గూడ పోసినవా? నీకు మనసెట్ల ఒప్పింది అత్తా? ఇద్దరు పోయింది సాల్లేదా?" నా లొల్లి గల్లీ చివరిదాకా వినిపించి ఉంటుంది.

అత్త తిట్టలేదు. ఎడమ చెయ్యి నా ముందు చాపింది. చిటికెన వేలు తెగి ఇంకా నెత్తురు కారుతోంది.

"తెగింది తెల్వలే బిడ్డా. బట్ట ఎర్రగైతే చూసిన."

ఆ వేలు పట్టుకుని గిచ్చాను. గోళ్ళు దిగేలా గిచ్చాను. ఎవరి వేలో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"స్కేలుది ఏం తప్పు లేదు. నా చెయ్యే పోతున్నది. ముందు ఈ వేలు, ఇప్పుడు పక్కది. దవాఖానల అడిగిన. నరం సచ్చింది, వాపస్ రాదన్నరు. నీ కాన్పు దాక ఆగితే నాతోని కాదు. ఊరందరి పిల్లలకు కుట్టి, నా కొడుకు బిడ్డను కొన్న దుప్పట్ల చుట్టాల్నా?"

"మరి రివాజు? నువ్వు పెట్టిందే గదా!"

"పెట్టిన. రెండుసార్లు పోగు గూడ కొయ్యలే. ఏం ఆగింది?"

మద్దెల సామెత చెప్పిన నోరు నాదే అని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వేలికి గుడ్డ కట్టాను. నెత్తురంటిన ముక్కను పొయ్యిలో వేశాను. వాకిట్లోకి, ఇంట్లోకి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. భయం పోలేదు. పోకుండానే వచ్చి పలక ముందు కూర్చున్నాను. మూడు వేళ్ళు స్కేలు మీద, చిటికెన వేలు బట్ట మీద పెట్టాను.

"ఏం జేస్తున్నవే?"

"నేను పట్టుకుంట. నువ్వు కొయ్యి."

"మంచిగ ఆలోచించుకో. రేపు ఏమన్నైతే నన్నే అంటవు."

"నేను గూడ పట్టిన గదా! ఇంకెవరినంట?"

అత్త నా ముఖంలోకి చూసి కత్తి తీసుకుంది. మొదటి ముక్కకు నా వేళ్ళ కింద స్కేలు కాస్త జరిగింది. "గట్టిగ అదుము. కండ్లు మూస్తవేంది?" అని గదిమింది. అలా తొమ్మిది మధ్యాహ్నాలు కోశాం. అంజన్నకు చెప్పలేదు.

దసరాకు ముందు ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు ఇంట్లో ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. పన్నెండో రోజు పొద్దున బిడ్డను బొంత మీద పడుకోబెట్టాం. అప్పటికి అత్త ఎడమ చెయ్యి పూర్తిగా పడిపోయింది. బొంత కుట్టింది నేను, పక్కన కూర్చుని తిట్టింది ఆమె.

కుడిచేత్తో అతుకులన్నీ తడుముకుంటూ వచ్చి ఒక మూల దగ్గర ఆగింది. "గిది వంకర పోయింది. నువ్వు మొదలు పట్టిన ముక్కనే."

నాకు ఉక్రోషం వచ్చింది. "అయితే విప్పి మళ్ళ కుడత తియ్యి!"

"వద్దు, ఉండనియ్యి" అన్నది అత్త, బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి. "పెద్దగైనంక పోరి అడిగితే చెప్పు. ఆ దినం నీకు, నాకు, ఇద్దరికీ మస్తు భయముండెనని చెప్పు."