అన్ని ఆలస్యాలకూ నా బస్సే

మా ఆఫీసు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి సెల్లారు పార్కింగులో ఒక మూల రేకుల గదిలో కూర్చుంటాడు. ఒకరోజు నన్ను పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, నీ బండి రోజూ లేటంట గదా."

"ఎవరన్నరు?"

"ఎవరనలేదో అడుగు." తన ఫోను నా ముందుకు తోశాడు. "నీ రూట్ల ఎక్కేటోళ్లు మేనేజర్లకు పెట్టిన మెయిళ్లు ఇవి. వాళ్లేమో ఏంది సంగతని నన్నడుగుతున్నరు. ఈ నెలాఖరు దాక చూస్త. ఇట్లనే ఉంటే రూటు ఇంకొకలకిస్త. నీ వయసుకు ఇంకో బండి దొరుకుతదా లేదా నువ్వే చూస్కో."

నేను మియాపూర్ నుంచి చందానగర్, నల్లగండ్ల మీదుగా హైటెక్ సిటీకి స్టాఫ్ బస్సు నడుపుతాను. నా వయసు మనిషి చేతిలోంచి ఒకసారి స్టీరింగు తీసుకుంటే మళ్లీ ఎవరూ పెట్టరు. ఇంట్లో కూర్చుందామా అంటే, పొద్దంతా నన్ను చూస్తూ ఉండే ఓపిక మా ఆవిడకు లేదు. ఆ మాట ఆమే చెప్పింది.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మా బిడ్డ పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ముందుపోయే లారీల వెనక చూసి పట్టుకున్నాను. ఆ మెయిళ్లు మొత్తం చదవడం నా వల్ల కాలేదు గానీ, ప్రతిదాంట్లోనూ 'బస్' అన్న మాట మాత్రం దొరికింది. దాని ముందు రెండు పొట్టి మాటలు. అన్నిట్లోనూ అవే.

మర్నాడు మియాపూర్‌లో ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్న అమ్మాయిని ఆ రెండు మాటలేంటని అడిగాను. గోదావరి జిల్లా పిల్ల, మర్యాద ఎక్కువ.

"డ్యూ టు బస్ అండి, బాబాయ్ గారూ. బస్సు వల్ల అని."

"నువ్వు గూడ రాసినవా?"

ఆమె మెట్రో పిల్లర్లను ఎన్నడూ చూడనట్టు కిటికీలోంచి చూడసాగింది.

ఆ రోజు నుంచి నా చెవులు రోడ్డు మీద సగం, వెనక సీట్లలో సగం. మనవాళ్లు కారణం చెప్పాలంటే ముందు నుంచి వస్తారు. పొద్దున పాలు విరిగాయి, అత్తకు మోకాలు పట్టేసింది, నీళ్ల మోటారు ఆన్ చేస్తే అది కాలిపోయింది, అందుకే రాలేదు అంటారు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి వినేవాడు టీ తాగి లేచిపోతాడు. ఇంగ్లీషులో అట్లా కాదు. ముందు సంగతి చెప్పేస్తారు, కారణం దానికి తగిలించిన ట్రాలీలాగా వెనక వస్తుంది. ట్రాలీ ఖాళీగా ఉన్నా ఎవరూ తొంగిచూడరు.

అందులోనూ రకాలున్నాయి. దోస్తులతో అయితే 'బికాజ్' అంటారు. దాని వెనక మనిషి ఉంటాడు, పడుకున్నవాడో తిన్నవాడో మర్చిపోయినవాడో. మేనేజరుతో అయితే 'డ్యూ టు'. దాని వెనక మనిషి ఉండడు. వాన ఉంటుంది, కరెంటు ఉంటుంది, నా బస్సు ఉంటుంది. ఎదుటివాడికి సంగతి ముందే తెలుసన్నట్టు మాట్లాడాలంటే 'సిన్స్' అని అందుకుంటారు, ఇక అతను అడగడానికి మొహమాటపడతాడు. ఫోను పెట్టేయాలనుకుంటే 'సో' అంటారు. 'సో' తర్వాత ఏమీ చెప్పకపోయినా నడుస్తుంది.

ఒకరోజు ఆ గోదావరి అమ్మాయి ఫోన్లో ఒక తెల్లాయన గొంతు గట్టిగా వినిపించింది. మీటింగుకు ఆలస్యంగా వచ్చాడట. 'బికాజ్ ఐ ఫర్‌గాట్' అన్నాడు. అంతే, మర్చిపోయానని. గొంతులో జర కూడా జంకు లేదు.

"ఆయన నౌకరి పోలేదా?" అన్నాను.

"ఆయనకెందుకు పోతుందండి. మాకు పని ఇచ్చేదే ఆయన."

అప్పుడు నాకు కొంత అర్థమైంది. నౌకరి గట్టిగా ఉన్నవాడు బికాజ్ అంటాడు. నౌకరి భయం ఉన్నవాడు డ్యూ టు అంటాడు. నా నౌకరి ఈ రెంటి మధ్య నలుగుతోంది.

ఇగ అడిగేద్దామని చందానగర్‌లో బండి ఆపి, ఇంజను కూడా ఆపేశాను. ఏసీ ఆగితే తప్ప వీళ్లు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయరు.

"నా మీద మెయిళ్లు పెట్టినోళ్లు చేతులెత్తున్రి."

ఎవరూ ఎత్తలేదు. అప్పుడే తడి తలతో ఒక పిల్లగాడు పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. రోజూ ఇక్కడే ఎక్కుతాడు, రోజూ అట్లాగే వస్తాడు. సంగతి విని నొచ్చుకున్నాడు.

"అంకుల్, అది మీ మీద కాదు. బస్సు మీద."

"బస్సు దానంతటదే నడుస్తదా, బిడ్డా?"

అతను నిజంగానే ఆలోచించాడు. నా సీట్లో ఒక మనిషి ఉంటాడన్నది అతనికి అప్పుడే తోచినట్టుంది.

"మరి పడుకున్న అని రాయరాదు?"

"అమ్మో, అప్రైజల్ ఉంది అంకుల్. పడుకున్నానని రాస్తే పోయినట్టే."

"మరి నా రూటు పోతే?"

వెనక నుంచి ఒకామె, "అందరం ట్రాఫిక్ అని రాద్దాం, డ్రైవరన్న పేరు రాదు" అంది. ఎంతో పెద్ద సాయం చేస్తున్నట్టు బస్సంతా ఒప్పుకుంది. మంచి పిల్లలే. వారం రోజులు నిష్ఠగా డ్యూ టు ట్రాఫిక్ అని రాశారు.

వారం తర్వాత రేకుల గదిలోంచి మళ్లీ పిలుపు.

"పెద్దాయనా, కొండాపూర్ రూటుకు లేని ట్రాఫిక్ నీ రూటుకే ఎట్లుంటది? ఎక్కడన్న ఛాయ్‌కి ఆపుతున్నవా?"

ఇంతకుముందు బస్సు మాత్రమే చెడ్డది. ఇప్పుడు నేను కూడా అయ్యాను.

"సారూ, ఒక్కరోజు నా బండెక్కు. నీ కండ్లతోని చూసినంక ఏమన్న చెయ్యి."

అతను మర్నాడు మియాపూర్‌కు నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు. సరిగ్గా టైముకు బయలుదేరాం. చందానగర్ స్టాపుకు వచ్చాం. తడి తల పిల్లగాడు లేడు. నేను అద్దంలో ఇన్‌చార్జి మొహం చూస్తూ గేరు వేశాను.

"జర ఆగు, పెద్దాయనా. పిల్లగాడు ఉరుకుతున్నడు, అగో."

ఆగాను. అతను ఎక్కి, ఇన్‌చార్జిని చూసి, తల ఇంకాస్త తడిసినట్టయ్యాడు. నల్లగండ్లలో రోజూ ఎక్కే ఒకామె, స్కూలు బస్సు కోసం నిలబడ్డ కొడుకు టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోతే తేవడానికి మళ్లీ లిఫ్టు ఎక్కింది. "పాపం, చిన్న పిల్లగాని డబ్బా" అని ఇన్‌చార్జే ఆపించాడు. ఆమె కోసం చూస్తుంటే రోడ్డు పక్క బండి మీద ఇడ్లీ పాత్ర మూత తీశారు. ఆవిరి మా తలుపు దాకా వచ్చింది.

"పొద్దున ఏం తినలే. ఒక్క నిమిషం" అని దిగాడు.

ఆమె డబ్బా తెచ్చి కొడుక్కిచ్చింది, మా బస్సు ఎక్కింది, కూర్చుంది. అతను ఇంకా అల్లం చట్నీ వేయించుకుంటున్నాడు. బస్సులో ఎవరూ హారన్ కొట్టమని అనలేదు. అందరూ ఒక్క వైపు కిటికీలకే చేరారు. చివరికి పొట్లంతో ఎక్కి, దారిపొడుగునా తింటూ కూర్చున్నాడు.

గచ్చిబౌలి దాటుతుంటే అతని ఫోను మోగింది. అతని పైఆఫీసరు. మీటింగు మొదలైందట, ఎక్కడున్నావని. ఇన్‌చార్జి నోట్లో ఇడ్లీ చెంపకు జరిపి, రోజూ పళ్లు తోముకునేంత తేలిగ్గా అన్నాడు.

"సారీ సర్, డ్యూ టు బస్..."

అక్కడ ఆగిపోయాడు. అద్దంలో అతనికి నా కండ్లు కనిపించాయి. తిరిగి చూస్తే బస్సంతా అతన్నే చూస్తోంది. గోదావరి అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

 చెంపలో ఇడ్లీ మింగి, తల దించుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నో సర్. బికాజ్... బికాజ్ ఐ వాజ్ ఈటింగ్ ఇడ్లీ, సర్."

అవతల ఏమన్నారో మాకు వినపడలేదు. అతను "నల్లగండ్ల, సర్" అన్నాడు. మళ్లీ ఆగి, "గుడ్, సర్. చట్నీ ఆల్సో" అన్నాడు. ఫోను పెట్టేశాక గానీ బస్సులో నవ్వు బయటికి రాలేదు. వచ్చాక కొత్తగూడ దాకా ఆగలేదు.

దిగేటప్పుడు నా సీటు దగ్గర నిలబడ్డాడు.

"రూటు నీకే ఉంటది. గని ఇగ ఎవలి కోసం ఆపకు."

"నీ కోసం గూడ?"

"నేను రేపటి నుంచి బైకు మీదొస్త."

మర్నాడు చందానగర్‌లో టైముకు తలుపు మూసి కదిలాను. అద్దంలో తడి తల ఒకటి సందు మలుపు దగ్గర పరుగెడుతూ కనిపించింది. కాలు బ్రేకు మీదికి పోయింది. పోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. అది అంత సులువేం కాదు.

సాయంత్రం తిరుగు ట్రిప్పులో ఆ పిల్లగాడు అందరికంటే ముందు వచ్చి, నా పక్క ఇంజను బానెట్ మీద కూర్చున్నాడు. మొహం ఎర్రగా ఉంది. ఆటోకు పైసలు పోయాయనీ, మేనేజరు తిట్టాడనీ చెప్తాడనుకున్నాను. ఫోను తీసి నాకు చూపించాడు. నేను కూడబలుక్కుంటూ చదివాను. బికాజ్ ఉంది. ఐ ఉంది. చివర్లో మళ్లీ బస్ ఉంది.

"ఏంది బిడ్డా, మల్ల బస్సేనా?"

"బస్ మిస్సయ్యాను అని రాశానంకుల్. ఈసారి బస్సు టైముకే వెళ్లిపోయింది. చూడండి, అది కూడా రాశాను."

"అప్రైజల్?"

"అడిగాను. మేనేజర్ చూద్దాం అన్నాడు."

"రేపు జర ఆగాల్నా మరి, చందానగర్‌ల?"

"వద్దంకుల్," అని, అలవాటుగా తల ఆరిందా లేదా అని తడుముకుంటూ, "అలారం ఇంకోటి పెడతా" అన్నాడు.