బూటుకంటిన సున్నం

మా ఆయన అద్దాల కొట్లో మాట్లాడడు, మైదానంలో మాట్లాడడు, ఇంట్లో సరేసరి. నోట్లో నాలుక లేని మనిషి. మాటలన్నీ చేతుల్లోనే ఉన్నాయి. నాకు దక్కాల్సినవి కూడా ముప్పై ఏళ్లుగా తను సాఫ్ట్‌బాల్ ఆట నేర్పే ఆడపిల్లలకే పంచిపెట్టాడు.

పొద్దున కొట్టు తెరిచాక, గిరాకీ రాకముందు, గోడలకి ఆనించిన నిలువుటద్దాల మధ్య నిలబడి సైగలు సాధన చేస్తాడు. టోపీ ముట్టుకుంటే ఇక ముందు చెప్పేదే అసలు మాట అని. అంతకుముందు ముక్కు గోక్కున్నా, నడుం రుద్దుకున్నా అవతలి జట్టుని ఏమార్చడానికే. టోపీ తర్వాత చెవి పట్టుకుంటే పరుగెత్తమని. మోచేయి తడితే బంతిని కొట్టకుండా బ్యాటుతో ఊరికే తాకించమని. ఎండ ఏటవాలుగా లోపలికి పాకుతుంది, గాజుపొడి గాల్లో తేలుతుంది, పన్నెండు అద్దాల్లో పన్నెండుమంది మొగుళ్లు నిశ్శబ్దంగా చెవులు పట్టుకుంటారు. కొలతలు రాసుకునే నన్ను నిద్రో మెలకువో తెలియని హాయి కమ్మేసేది. ఒక్కడితోనే వేగలేక చస్తుంటే పన్నెండుమందా అని గొణిగేదాన్ని.

పోయిన వానాకాలం ఆ అద్దాల్లోనే చూశాను. పన్నెండు కుడిచేతులు వణుకుతున్నాయి. గాజు కోసే పని మా మరిదికి అప్పగించాడు గానీ, మైదానం వదల్లేదు.

"నా చేతి వల్ల ఒక్క పిల్ల అవుటైనా, ఆ రోజే టోపీ తీసేస్తా," అన్నాడు.

ఆ మైదానం లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. భయమేసింది.

విచిత్రం, ఒక్క పిల్లా పొరపడలేదు. "చూశావా, చేయి బానే ఉంది," అని మురిసిపోయేవాడు. నేనూ నమ్మాను, బుద్ధిలేనిదాన్ని. ఒకరోజు మైదానంలో నా దగ్గరికి మంచినీళ్లకి వచ్చిన పొట్టిపిల్ల, జట్టులో అందరికన్నా చిన్నది, నా చెవిలో చెప్పింది.

"ఆంటీ, మీరు చేతులు సంచిలో పెట్టుకోకండి. మాకు కనబడట్లేదు."

మూడో బేస్, అంటే పరుగు పూర్తవడానికి ముందు ఆఖరి మజిలీ, దాని పక్కన సున్నంతో గీసిన గడిలో ఆయన నిలబడతాడు. ఆయన వెనక, కంచె అవతల, నేను కూర్చుంటాను. వీపు చూస్తే చాలు, చేయి ఎక్కడికి పోతోందో చెప్పగలను. కూర్చున్నచోటే నా చేతులు ఆయన చేసిందల్లా చేస్తున్నాయట. పిల్లలు ఆయన్ని చూస్తున్నట్టే నటిస్తూ, భుజం మీదుగా నన్ను చూస్తున్నారట. అమ్మ దొంగల్లారా అనుకున్నాను.

"మాస్టారికి చెప్పకండి ఆంటీ."

"నువ్వు నోరు మూసుకుంటే చాలు, పో."

అప్పట్నుంచి సంచి తేవడం మానేశాను. మోసమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మధ్యాహ్నాలు కలలో నడిచినట్టు గడిచాయి. దుమ్ము మెల్లగా లేచి మెల్లగా వాలేది. ఎవరో పిలిచిన పిలుపు చాలాసేపటికి చేరేది. ఆయన చేయీ నా చేయీ ఒక్కసారే టోపీ దాకా లేచేవి, నాకు టోపీ లేకపోయినా. ఇన్నేళ్ల కాపురంలో మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది అక్కడే.

ఇంటికొచ్చాక మాత్రం నా నోరు ఊరుకోదు. "గడి మధ్యలో నిలబడ్డానికి ఏం రోగం? ఎప్పుడు చూసినా ఎడమ బూటంతా సున్నమే. తుడవలేక చస్తున్నా." రోగం అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏటి పెద్ద మ్యాచ్ వచ్చింది. ఒక్క పరుగు వస్తే గెలుపు. మూడో బేస్ మీద మా పిల్ల కాచుకుని ఉంది. బ్యాటు పట్టింది పొట్టిపిల్ల. ఆయన చేయి టోపీ ముట్టుకుంది. దిగుతూ దిగుతూ వణికి, దారి తప్పింది. చెవో మోచేయో నాకు అంతుపట్టలేదు. పిల్ల చూపు నా మీదే ఉంది. నా చేతులు ఒళ్లో బిగుసుకుపోయాయి. తప్పు చెప్తే అది అవుటవుతుంది, ఈయన టోపీ తీసేస్తాడు.

అప్పుడు ఆయన అరచేత్తో రొమ్ము తుడుచుకున్నాడు. ఇంతవరకూ చెప్పింది చెరిపేశానని దానికర్థం. మళ్లీ టోపీ ముట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, ఎడమకి జరిగి, సున్నం గీత మీద నిలబడ్డాడు. నాకూ ఆ పిల్లకీ మధ్య ఎవరూ లేరు.

మోచేయి తట్టాను.

బంతి బ్యాటుకి తగిలి రెండడుగుల్లో పడి దొర్లింది. మూడో బేస్ పిల్ల దుమ్ము లేపుకుంటూ బ్యాటు దగ్గరి బేస్‌కి వచ్చి చేరింది. గెలిచాం.

"ఎప్పట్నుంచి తెలుసు?" అని బస్సులో అడిగాను.

"మొదటి వారం నుంచే. వాళ్ల కళ్లు నా మీద ఆగట్లేదుగా."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు సిగ్గుపడి మానేస్తావని."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా.

ఇంటికొచ్చి అలవాటుగా తడిగుడ్డ పట్టుకుని బూటు ముందు కూర్చున్నాను. ఆయన వారం వారం ఆ గీత మీదికి జరిగింది, తను అడ్డం లేకుండా పిల్లలకి నేను కనబడాలని. నేనేమో తిట్టుకుంటూ తుడిచాను. ఏడుపొచ్చింది.

"తుడవవా?" అన్నాడు.

"వచ్చే వారం మళ్లీ అంటుతుందిగా," అన్నాను.