నీళ్ల సద్దు

అరవైల మొదట్లో నేను పరిశోధనకు తీసుకున్న విషయం ద్రవాల్లో శబ్దవేగం. చిన్న ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, అడుగున స్ఫటికపు బిళ్ల పెట్టి కరెంటుతో అదిరిస్తే, చెవికి ఆనని శబ్దం పుడుతుంది. ఆ అలలు కొలుస్తూ కూర్చుంటే తిండి ధ్యాస ఉండేది కాదు. సెలవులకు శింగనమల దగ్గరి మా ఊరికి పోతే, దొరికిన వాళ్లకల్లా అదే చెప్పి చంపేవాణ్ణి.

"ఇంతకీ నువ్వు చదివేదేందిరా?" అని నాయన అడిగాడు. ఆయనకు అర్థం కావాలని "నీళ్ల సద్దు, నాయనా" అన్నాను. సద్దంటే మా వైపు శబ్దం. నీళ్లలో పోయే సద్దు అనాల్సింది. ఎంత తేలిగ్గా చెప్పానో అని మురిసిపోయాను కూడా, నా తెలివి తగలెయ్య.

ఆ మరుసటి ఎండాకాలం మా బావి ఎండిపోయింది. నేను బస్సు దిగి పోయేసరికి చేలో జనం. బావి తవ్వేవాళ్లు గడ్డపారలు పక్కన పడేసి కూర్చున్నారు. కొత్త బావికి చోటు కొడుకొచ్చి చూపిస్తాడని నాయన పని ఆపించాడట.

"భూమిలో నీళ్లు పారే సద్దు మావాడు ఇంటాడప్పా. మన చెవులకది ఆనదు" అని అందరికీ చెప్తున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు పిలిచి, "నాది గిన్నెలో నీళ్ల సంగతి నాయనా. భూమిలో యాడ ఏముండాదో నాకు తెలీదు" అని గొణిగాను.

నాయన నా మొహంలోకి చూశాడు. తిట్టినా బాగుండేది. "సరేలే, ఊరుకో" అని వెనక్కి పోయి, పడమటి గట్టు పక్కన మడమతో గీత గీశాడు. "ఈడ తవ్వండప్పా. మావాడు చెప్పినాడు."

నేను కాదనలేదు.

ఆ గోతిలో బండ పడింది, చెమ్మ కూడా తగల్లేదు. "ఏమప్పా, నీ కొడుకు ఇన్న సద్దు యాడికి పాయె?" అని పక్క చేని ఆసామి నా ఎదుటే అడిగాడు.

"వాడు తూర్పు గట్టన్నాడు. నాకే సరిగ్గా ఇనపళ్లేదు. చెవులు మందమైనాయి" అన్నాడు నాయన.

అప్పట్నుంచీ ఊళ్లోవాళ్లు ఆయనతో అరిచి మాట్లాడేవాళ్లు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమంటివప్పా?" అనేవాడు. నేను వంటింట్లో అమ్మతో గొణిగే మాట మాత్రం అరుగు మీద కూర్చున్న ఆయనకు వినపడేది.